పెరటి మట్టిలో పాత నాణేలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చెన్నైలో పాత పెంకుటిళ్ళను, మిద్దె ఇళ్ళను కూల్చి అపార్టుమెంట్లు కడుతున్న పేటల నుంచి ఈ నెల మాకు వచ్చిన ఉత్తరాలలో చాలా వరకు ఒకే విషయం గురించి ఉన్నాయి. ఇల్లు కూలక ముందే స్నేహితులతో కలిసి మెటల్ డిటెక్టరుతో (మట్టిలోని లోహాన్ని పసిగట్టి మోగే యంత్రంతో) పెరడు వెతకవచ్చా, నాణేలు దొరికితే ఏం చేయాలి అన్నది వాటి సారాంశం. ఆ ఉత్తరాలలో అయిదింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాము.

ప్రశ్న: మేము నలుగురం చిన్ననాటి స్నేహితులం, అందరమూ ఉద్యోగ విరమణ చేసినవాళ్ళం. మాలో ఒకరికి పశ్చిమ మాంబళంలో తాతగారి నాటి ఇల్లు ఉంది. దానిని బిల్డరుకు ఇచ్చారు, మరి కొన్ని నెలలలో కూలుస్తారు. బావి ఉన్న పెద్ద పెరడు కాబట్టి, నలుగురం కలిసి కొన్న యంత్రంతో ఇల్లు కూల్చే లోపల వెతకాలనుకుంటున్నాము. దొరికినవి ఎవరికి చెందుతాయి? ప్రభుత్వానికి తెలియజేయాలా? మా స్నేహానికి ఇబ్బంది రాకుండా ముందే ఏం చేసుకోవాలి? (ఒక పాఠకుడు, పశ్చిమ మాంబళం)

జవాబు: మొదట అనుమతి. మీ స్నేహితుడు ఆ ఇంటికి ఏకైక హక్కుదారు అయితే ఆయన సమ్మతి సరిపోతుంది. కాని తాతగారి ఆస్తి అంటున్నారు కనుక అక్కచెల్లెళ్ళో, పినతండ్రి పిల్లలో కూడా వాటాదారులుగా ఉండే అవకాశం ఎక్కువ. అలా ఉంటే వారందరి సమ్మతి కాగితం మీద ఉండాలి. బిల్డరుకు స్థలం ఇప్పటికే స్వాధీనం చేసి ఉంటే ఆయన అంగీకారం కూడా తీసుకోండి. పెరడు మనవాళ్ళదే కదా అని నోటిమాటతో మొదలుపెట్టిన పని, ఒక్క వెండి రూపాయి బయటపడగానే దాయాదుల తగవుగా మారడానికి ఎంతోసేపు పట్టదు.

ఇక చట్టం. భూమిలో దొరికిన నిధుల విషయంలో ఇప్పటికీ ఆధారంగా నిలిచినది 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం. మట్టిలో గాని, మట్టికి అంటి ఉన్న గోడ వంటి దానిలో గాని దాచి ఉన్న విలువైన వస్తువు ఏదైనా ఆ చట్టం దృష్టిలో నిధే. దాని విలువ పది రూపాయలు మించితే, దొరికినవారు వీలైనంత త్వరగా జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఏమి దొరికింది, దాని సుమారు విలువ ఎంత, ఎక్కడ దొరికింది, ఏ తేదీన దొరికింది అన్న వివరాలు ఆ కాగితంలో ఉండాలి. వస్తువును దగ్గరలోని ప్రభుత్వ ఖజానాలో జమచేయాలి, లేదా అడిగినప్పుడు చూపిస్తామని హామీ ఇవ్వాలి. 1878లో పది రూపాయలు పెద్ద మొత్తమే కాని, నేడు మట్టిలోంచి వచ్చే పాత రాగి నాణెం కూడా ఆ హద్దు దాటుతుందని గుర్తుంచుకోవాలి. మీ విషయంలో అర్జీ ఇవ్వవలసినది రాజాజీ రోడ్డులోని సింగారవేలర్ మాళిగైలో ఉన్న చెన్నై జిల్లా కలెక్టరు కార్యాలయంలో.

జేబులోంచి జారిపడిన ఒంటరి నాణెం ‘దాచిన’ వస్తువు అవుతుందా అని మీరు అడగవచ్చు. వాదనకు అక్కడ చోటు ఉన్నది నిజమే. అయితే ఆ వాదనలో తీర్పు చెప్పవలసినది మనం కాదు. స్వాతంత్ర్యం తరువాతి అణాలు, 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చాక వాడిన నయాపైసలు ఒకటీ అరా దొరికితే ఎవరూ పట్టించుకోరు. కాని ఈస్టిండియా కంపెనీ కాలానివి, అంతకు ముందువి, బంగారువి, వెండివి, లేదా ఒకే చోట రెండు మూడు నాణేలు దొరికితే కలెక్టరుకు తెలియజేయడమే సరైన మార్గం అని నా దృఢమైన అభిప్రాయం. దాచిపెట్టి పట్టుబడితే దొరికినవారి వాటా ప్రభుత్వానికి పోవడమే కాక, ఏడాది వరకు జైలుశిక్ష గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఈ దాపరికంలో సహకరించిన స్థల యజమానికి కూడా ఆరు నెలల వరకు శిక్ష ఉంది.

సమాచారం అందిన తరువాత కలెక్టరు ప్రకటన వేసి, ఆ నిధి తమదని చెప్పుకునేవారు ఫలానా రోజున హాజరు కావాలని పిలుస్తారు. ప్రకటన తేదీ నుంచి నాలుగు నెలల లోపు గాని, ఆరు నెలల తరువాత గాని ఆ రోజు ఉండకూడదు. మీ ఇల్లు త్వరలో కూలుతుంది కనుక ఈ గడువును లెక్కలో పెట్టుకుని పని ముందుగానే మొదలుపెట్టండి. పాతిపెట్టినవారి తాలూకు ఎవరూ నిరూపించుకోలేక నిధికి యజమాని లేడని తేలితే, దొరికినవారికి ముప్పావు వంతు, స్థల యజమానికి పావు వంతు వస్తుంది. ఇక్కడ చాలామందికి తెలియని ఒక వెసులుబాటు ఉంది. దొరికినవారికీ స్థల యజమానికీ మధ్య ముందే ఒప్పందం ఉంటే పంపకం ఆ ఒప్పందం ప్రకారమే జరుగుతుంది. అందువల్ల మీ స్నేహితుడికి పావు వంతు తక్కువ అనిపిస్తే సగం సగం అని రాసుకోవచ్చు, చట్టం దానిని గౌరవిస్తుంది.

మీ నలుగురిలో ‘దొరికినవారు’ ఎవరు అన్నదే అసలు చిక్కు. యంత్రం పట్టుకున్నది ఒకరు, గునపం వేసింది ఒకరు, మట్టి జల్లెడ పట్టి నాణెం ఏరింది మరొకరు కావచ్చు. నలుగురమూ కలిసి కనుగొన్నట్టే లెక్క, వాటాలు సమానం అని యంత్రం పెట్టె తెరవక ముందే ఒక పేజీ రాసి నలుగురూ సంతకాలు పెట్టండి. ఇంత స్నేహంలో కాగితం ఎందుకని ఎవరైనా నొచ్చుకుంటే, ఆ నొప్పి ఈ రోజుతో పోతుందని, నాణెం దొరికాక వచ్చే నొప్పి అంత తేలికగా పోదని నా మాటగా చెప్పండి.

ఇంకొక సంగతి చెప్పాలి. ప్రభుత్వం ఆ నిధిని తనకోసం తీసుకోదలిస్తే లోహం విలువ, దానిపై అయిదో వంతు కలిపి చెల్లిస్తుంది. అది బజారు ధర కాదు, లోహపు ధర. రాగి నాణేల విషయంలో ఆ మొత్తం చాలా చిన్నదిగా కనిపిస్తుంది, అందుకే చాలామంది నోరు మెదపకుండా ఊరుకుంటారు. ఈ లెక్క దొరికినవారికి న్యాయం చేయడం లేదని నేనూ అనుకుంటున్నాను. అయినా 1851లో ఏర్పడి ఇప్పుడు ఎగ్మూరులో ఉన్న ప్రభుత్వ మ్యూజియం నాణేల సేకరణ చాలా వరకు ఇలా పొలాలలో, పెరళ్ళలో దొరికి కలెక్టర్ల ద్వారా చేరిన నిధులతోనే పెరిగింది. ఆ దారిలో చేరిన నాణేనికి ఏ ఊరిది, ఏ ఏడు దొరికినది అన్న చిరునామా ఉంటుంది. అంగడిలో చేతులు మారిన నాణేనికి అది ఉండదు.

చివరగా ఒక హెచ్చరిక. ముంత గాని, చెంబు గాని తగిలితే అక్కడితో చేయి ఆపండి. చుట్టూ మట్టి కదపకుండా ఫోటో తీసి కబురు చేయండి. ముంతలో ఏ నాణెం కింద ఉంది, ఏది పైన ఉంది, గుడ్డలో మూటకట్టి ఉన్నాయా అన్నవి నాణేల కన్నా ఎక్కువ చెబుతాయి. ఒకసారి కుమ్మరించాక ఆ వరుసను ఎవరూ తిరిగి పేర్చలేరు.

ప్రశ్న: మా పెరట్లో ఎక్కడ పెట్టినా యంత్రం మోగుతూనే ఉంది. రెండు ఆదివారాలు తవ్వితే మేకులు, సోడా సీసా మూతలు తప్ప ఏమీ రాలేదు. యంత్రం చెడిపోయిందా? (ఒక పాఠకురాలు, పెరంబూరు)

జవాబు: యంత్రం బాగానే ఉంది, మోగుతున్నది మీ పెరటి చరిత్ర. యంత్రం అడుగున ఉండే కాయిల్‌లోంచి, అంటే తీగ చుట్టలోంచి, వెలువడే అయస్కాంత క్షేత్రం సెకనుకు కొన్ని వేల సార్లు దిశ మార్చుకుంటూ మట్టిలోకి దిగుతుంది. దారిలో లోహం ఉంటే అందులో చిన్న విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. వాటి జాడను రెండవ చుట్ట పట్టుకుని, అది ఎంత ఆలస్యంగా వచ్చిందన్న దానిని బట్టి లోహం ఏదో అంచనా వేస్తుంది. మీ యంత్రంలో అంకెలు కనిపిస్తే ఇనుముకు చిన్న అంకె, అల్యూమినియం రేకుకు మధ్య అంకె, రాగికి, వెండికి పెద్ద అంకె చూపుతుంది. సన్నని బంగారు వస్తువు కూడా అల్యూమినియం రేకు అంకె దగ్గరే పలుకుతుంది కనుక మధ్య అంకెలను పూర్తిగా వదిలేయడం మంచిది కాదు.

సున్నితత్వం తగ్గించండి. చిన్న కాయిల్ ఉంటే అదే తగిలించండి. చెప్పులలో ఇనుప బిళ్ళలు, జేబులో సెల్‌ఫోన్ లేకుండా చూసుకోండి. ఒక చోట మోగితే అదే చోటును అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి నెమ్మదిగా ఊపి చూడండి. నాణెం రెండు వైపుల నుంచీ ఒకే స్వరం ఇస్తుంది, వంగిన మేకు ఒక వైపు నుంచి తెగినట్టు పలుకుతుంది. ఈ తేడా చెవికి అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది. రూపాయి అంత నాణేన్ని ఈ యంత్రాలు సుమారు జానెడు లోతు వరకు పట్టగలవు, గోరంత కాసును అంత లోతున పట్టలేవు. వాన పడి మట్టి చెమ్మగా ఉన్న మరునాడు వెతకడం మేలు. అయితే బెసంట్ నగర్, తిరువాన్మియూరు వంటి సముద్రపు ఒడ్డున ఉప్పు నీటితో తడిసిన ఇసుకే లోహంలా మోగుతుంది కనుక అక్కడ మట్టికి తగ్గట్టు యంత్రాన్ని సరిచూసుకోవాలి.

మోత ఒక చోట ఆగకుండా అడుగుల కొద్దీ గీతలాగా సాగితే దయచేసి తవ్వకండి. అది నీటి గొట్టమో, విద్యుత్ కేబులో అయి ఉంటుంది, చెన్నైలో కరెంటు తీగలు చాలా చోట్ల నేల కిందనే పోతాయి. సంపు, సెప్టిక్ ట్యాంకు మూతల చుట్టూ ఉన్న ఇనుప ఊచల మోతకు మోసపోకండి. తవ్వేటప్పుడు మూడు వైపులా కోసి, గడ్డిని మూతలాగా పక్కకు మడిచి, మట్టిని పాత ప్లాస్టిక్ గోనె మీద పోసి, పని కాగానే తిరిగి నింపి అదిమితే వారం తిరిగేసరికి గుర్తు కూడా కనిపించదు. కొబ్బరిచెట్టు మొదట్లో మాత్రం గునపం వేయవద్దు. ఇంటి ముందున్న మట్టిని ఇల్లు కట్టినప్పుడు బయటి నుంచి తెచ్చి పోశారేమో పెద్దవారిని అడిగి తెలుసుకోండి. అలాంటి మట్టిలో దొరికినది మీ పేట కథ చెప్పదు.

ప్రశ్న: పెరట్లో దొరికిన రెండు రాగి నాణేలను చింతపండు, ఉప్పు వేసి తోమాను. మొదట మెరిశాయి, ఇప్పుడు లేత ఆకుపచ్చ పొడి రాలుతోంది. ఎలా బాగుచేయాలి? (ఒక గృహిణి, తిరువొత్తియూరు)

జవాబు: పూజ సామాను తోమినట్టే తోమారు, అందులో తప్పు ఉద్దేశం ఏమీ లేదు. కాని నాణేనికి అది గాయమే. రాగి మీద ఏళ్ళ తరబడి పట్టిన ముదురు ఆకుపచ్చ పొర గట్టిగా, నున్నగా ఉంటే అది లోపలి లోహాన్ని కాపాడే తొడుగు. చింతపండు పులుపు ఆ తొడుగును తినేసింది, మీరు కలిపిన ఉప్పు, సముద్రపు గాలిలోని ఉప్పు కలిసి లోహంలోకి చేరాయి. ఉప్పులోని క్లోరైడు, రాగి, గాలిలోని చెమ్మ ఈ మూడూ కలిసినప్పుడు పుట్టే లేత ఆకుపచ్చ పొడిని ఇంగ్లీషులో ‘బ్రాంజ్ డిసీజ్’ అంటారు. చెమ్మ అందుతున్నంత కాలం ఆ జబ్బు నాణేన్ని తింటూనే ఉంటుంది.

ఇక తోమకండి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీరు మారుస్తూ కొన్ని వారాలు ఉంచండి. కుళాయి నీరు వద్దు, అందులోనే క్లోరైడు ఉంటుంది. తరువాత మెత్తని బట్టతో ఒత్తి పూర్తిగా ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లంతో పాటు గాలి చొరని డబ్బాలో పెట్టండి. జబ్బుపడిన నాణేన్ని మంచి నాణేలకు దూరంగా ఉంచండి. అప్పటికీ పొడి రాలితే ఇంట్లో చేయగలిగినది ఇంకేమీ లేదు, అది పరిరక్షకుల పని. ఎగ్మూరు మ్యూజియంలో 1930 నుంచి ఉన్న రసాయన పరిరక్షణ ప్రయోగశాలలో కంచు విగ్రహాలకు పట్టిన ఇదే జబ్బుకు చికిత్స చేస్తూ వచ్చారు, అక్కడికి వెళ్ళి సలహా అడగండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. అక్కడ స్నేహితులతో కలిసి ఇరుగుపొరుగు ఇళ్ళ ఆవరణలలో పాత నాణేలు వెతకడం వాడికి సరదా. సెలవులకు వచ్చినప్పుడు పల్లావరంలోని మా స్థలంలో వెతికి, దొరికినవి వెంట తీసుకువెళతానంటున్నాడు. కుదురుతుందా? (ఒక తండ్రి, పల్లావరం)

జవాబు: తీసుకువెళ్ళడం కుదరదు. అక్కడ సొంత ఇంటి యజమాని అనుమతి ఇస్తే, దొరికిన చిల్లర వెతికినవారి దగ్గరే ఉండిపోవడం మామూలు సంగతి. 1964 వరకు అక్కడి పది సెంట్ల, పాతిక సెంట్ల నాణేలలో తొంభై శాతం వెండి ఉండడం వల్ల ఆ సరదాకు అంత ఆదరణ. మన దగ్గర 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన నాణెం పురావస్తువు. దానిని దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, అది అనుమతించిన సంస్థలకు తప్ప మరెవరికీ లేదు. ఒక్క నాణెమే కదా, సూట్‌కేసులో ఎవరు చూస్తారు అన్న మాట మీ ఇంట్లో వినిపిస్తే గట్టిగా వద్దనండి.

మీది పల్లావరం కావడం వల్ల ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. 1863లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు పాత రాతియుగపు చేతిగొడ్డలి దొరికినది అక్కడే. ఆ చుట్టుపక్కల బృహత్ శిలాయుగపు సమాధుల స్థలాలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. రక్షిత స్థలంలో అనుమతి లేకుండా తవ్వడం నేరం, దాని చుట్టూ వంద మీటర్లు నిషిద్ధ ప్రాంతంగా, ఆపైన మరో రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతంగా పరిగణిస్తారు. మీ స్థలం ఎక్కడికి వస్తుందో సెయింట్ జార్జి కోటలోని పురావస్తు శాఖ చెన్నై కార్యాలయంలో కనుక్కున్న తరువాతే యంత్రం బయటకు తీయండి.

ప్రశ్న: రాయపురంలో మా అమ్మమ్మగారి పెరట్లో, బావి పక్కన, 1808 అని ముద్ర ఉన్న రాగి నాణెం దొరికింది. ఒక వైపు సింహాలున్న చిహ్నం, మరో వైపు పారశీక అక్షరాలు, రోమన్ అంకెలలో ఇరవై క్యాష్ అని ఉన్నాయి. మునిగిపోయిన ఓడలోంచి తీసిన ఇలాంటివి ఎన్నో అమ్మకానికి ఉన్నాయని, దీనికి విలువ లేదని మిత్రుడు అంటున్నాడు. నిజమేనా? (ఒక విద్యార్థి, రాయపురం)

జవాబు: మీ మిత్రుడు చెప్పినది సగం నిజం. ఇంగ్లండులో సోహో టంకశాలలో మద్రాసు కోసం ఈస్టిండియా కంపెనీ ముద్రించిన నాణెం ఇది. వాటిని మోసుకుని బయలుదేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో తుఫానుకు చిక్కి, ఇంగ్లండు తీరంలోనే గుడ్విన్ ఇసుక తిన్నెల దగ్గర మునిగిపోయింది. 1980లలో గజ ఈతగాళ్ళు అక్కడి నుంచి పెద్ద సంఖ్యలో నాణేలను పైకి తీశారు. అంగళ్ళలో కనిపించేవాటిలో చాలా భాగం అవే.

ఆ నాణేలు మద్రాసు చూడనే లేదు. మీది చూసింది. ఏదో ఓడలో క్షేమంగా వచ్చి, ఓడరేవు కూడా లేని ఆ కాలపు తీరంలో మసులా పడవలోకి దిగి, అలలు దాటి ఒడ్డుకు చేరి, ఎవరి చేతిలోంచో మీ అమ్మమ్మగారి బావి పక్కన జారిపడింది. క్యాష్ అని దాని మీద ఉన్నది మన కాసు అన్న మాటే. ఆనాటి మద్రాసు లెక్కలో ఎనభై కాసులు ఒక ఫణం, నలభై రెండు ఫణాలు ఒక వరహా. అంటే మీ చేతిలోని నాణేలు నాలుగు కలిస్తే ఒక ఫణం, నూట అరవై ఎనిమిది కలిస్తే ఒక వరహా. దాదాపు అదే సమయంలో మద్రాసులో ముద్రించిన వెండి నాణేల మీద పారశీకంతో పాటు తమిళం, తెలుగు అక్షరాలు కూడా ఉండేవి. బజారులో బేరమాడే తెలుగువారు, తమిళులు వాటిని చదువుకోవాలి కదా. ఇప్పటికీ తమిళులు తంగసాలై అని పిలుచుకునే మింట్ స్ట్రీట్ పేరులో టంకశాల అన్న మాటే దాగి ఉంది.

డబ్బు లెక్కన చూస్తే ఆ రెండు నాణేలకూ పెద్ద తేడా ఉండకపోవచ్చు. కాని మీ నాణెం ఎక్కడ దొరికిందో తెలియడం వల్ల, రెండు వందల ఏళ్ళ క్రితం రాయపురంలో ఆ చోట మనుషుల రాకపోకలు ఉండేవని చెప్పగల సాక్ష్యం అది. ఆ సాక్ష్యం మీరు రాసి పెట్టినంత కాలమే ఉంటుంది. మొదటి జవాబులో చెప్పిన విధంగా మీ పెద్దవారి చేత కలెక్టరుకు ఒక ఉత్తరం రాయించండి. నాణేన్ని తోమకుండా, మెత్తని కుంచెతో మట్టి దులిపి, ప్లాస్టిక్ సంచిలో కాక కాగితం కవరులో పెట్టండి. కవరు మీద దొరికిన తేదీ, బావి గట్టు నుంచి ఏ దిక్కున ఎన్ని అడుగుల దూరం, ఎన్ని అంగుళాల లోతు, పక్కన పెంకు ముక్కలో బొగ్గో ఉంటే ఆ సంగతి, వెంట ఎవరెవరు ఉన్నారో పెన్సిలుతో రాయండి. ఆ పెరట్లో పూర్వం ఏముండేదో మీ అమ్మమ్మగారిని అడిగి, ఆవిడ చెప్పినది కూడా ఆ కింద రాయండి.